ష్రౌడ్‌కి తెలుగులో ఒకే మాట ఉండాలా?

అంబత్తూరు అనువాదం: చెన్నైలో ఉంటూ మెషిన్ మాన్యువల్స్ తెలుగు చేస్తుంటాను. నిన్నొచ్చిన కారు మాన్యువల్‌లో రేడియేటర్ ఫ్యాన్ ష్రౌడ్‌ని ఇంతకుముందు ఎవరో, ఆ ఇంగ్లిష్ మాటకి శవానికి చుట్టే బట్ట అనే అర్థం కూడా ఉందని, ‘ఫ్యాన్ ప్రేతవస్త్రం’ అని రాసి ఉన్నారు. చదవగానే గుండె ఝల్లుమంది. నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఆయన మీద కప్పిన కోరా బట్ట, దాని గంజి వాసన, అంచున వేలాడుతున్న దారాలు అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. క్లయింటేమో ఒక ఇంగ్లిష్ మాటకి అన్నిచోట్లా ఒకే తెలుగు మాట ఉండాలంటున్నారు. మీరేమంటారు?

పాత నిఘంటువు: ఒకే మాట ఉండాలనే నేనూ అంటాను, ‘ముసుగు’ అనండి. పాత ఇంగ్లిష్‌లో ష్రౌడ్‌కి ఒంటి మీది బట్ట అనే అర్థం, శవానికి చుట్టే బట్ట అన్నది 16వ శతాబ్దంలో వచ్చి చేరింది. కప్పడమే అసలు భావం.

గిండీ షెడ్డు: అన్నా, ఆ పార్టు పని కప్పడం కాదు. ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ గూడులా ఉండి, గాలి పక్కలకి పోకుండా రేడియేటర్ మొత్తంలోంచి లాగేలా చేస్తుంది. అది విరిగితే హైవేలో ఎదురుగాలికి బండి బాగానే పోతుంది, సిగ్నల్‌లో పది నిమిషాలు ఆగితే మాత్రం హీటెక్కిపోతుంది. మేం ఫ్యాన్ కవర్ అంటాం.

పాత నిఘంటువు: కవర్ అన్నా కప్పడమేగా తమ్ముడూ?

రాయపురం: మరి ఓడల్లో తెరచాప కట్టే కొయ్య అటూ ఇటూ ఒరిగిపోకుండా రెండు పక్కలా బిగించే తాళ్లనీ ష్రౌడ్స్ అనే అంటారు గురువుగారూ, అవి దేన్నీ కప్పవు. వాటికి ముసుగు అని రాస్తే చదివేవాడు తాడు కోసం ఎక్కడ వెతకాలి? ఇక శవానికి చుట్టే బట్టని మా ముస్లిం ఇళ్లలో కఫన్ అంటాం. మగవాళ్లకి 3, ఆడవాళ్లకి 5 తెల్ల బట్టలు, కుట్టు ఉండకూడదు. మా అమ్మీకి ఆ అయిదూ మా పిన్ని తన చేత్తో కత్తిరించింది. దాన్ని ప్రేతవస్త్రం అని రాస్తే అది మా మాట కాదు.

పాత నిఘంటువు: తాళ్ల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ పొగమంచు ఊరిని ‘ష్రౌడ్’ చేసింది అని ఇంగ్లిష్‌లో రాస్తారే, అక్కడ ముసుగే కదా?

అంబత్తూరు అనువాదం: ‘కమ్మేసింది’ ఉందిగా అండీ, దానికి ముసుగెందుకు? తెలుగు బైబిల్లో చనిపోయిన లాజరు మళ్లీ బతికి సమాధిలోంచి బయటికొచ్చేచోట ప్రేతవస్త్రములు అని ఉంది, అక్కడ అదే సరైన మాట. మాన్యువల్‌లో ‘ఫ్యాన్ కవర్’ అని మార్చి, ఎందుకో క్లయింటుకి ఫోన్‌లోనే చెప్పాను. సోమవారం జవాబిస్తామన్నారు.