మాటలు స్పష్టంగా రాని పిల్లాడు: సర్కారు దారిలో పరీక్ష చేయించాలా, నేరుగా ప్రైవేటుకే వెళ్లాలా?

ఉప్పల్ అమ్మ:
మా బాబుకి నాలుగో ఏడు నడుస్తోంది. చెప్పింది అర్థం చేసుకుంటాడు, పని చెబితే చేస్తాడు. కానీ కుక్కని 'తుత్త' అంటాడు, కాకిని 'తాతి' అంటాడు. వాడి మాట నాకు తప్ప బయటివాళ్లకు సగం కూడా అర్థం కాదు. అంగన్‌వాడీకి వెళ్తున్నాడు, తర్వాత దగ్గర్లో ఉన్న సర్కారు బడిలోనే వేస్తాం. "డాక్టర్ల టీమ్ వచ్చినప్పుడు చూపిద్దాం, వాళ్లే రాసిస్తారు" అంటోంది అంగన్‌వాడీ టీచర్. మా ఆడపడుచేమో సర్కారు రికార్డులో పేరెక్కితే పిల్లాడి మీద ముద్ర పడిపోతుంది, అప్పు చేసైనా ప్రైవేటులో చూపించమంటోంది. అత్తమ్మ వస అరగదీసి నాకిస్తే చాలంటున్నారు. రాత్రిళ్లు ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

కూకట్‌పల్లి నాన్న:
అక్కా, మీ ఆడపడుచు మాటే వినండి. టీమ్ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక రాయాలి, ఆ చీటీ పట్టుకుని ఇంకో దవాఖానకి వెళ్లాలి, అక్కడ మళ్లీ తేదీ ఇస్తారు. ఈలోగా పిల్లాడికి ఇంకో ఏడు మీద పడుతుంది. మా పాపకి ప్రైవేటులో వారం తిరక్కుండానే ఎసెస్‌మెంట్ అయింది, వెంటనే సెషన్లు మొదలుపెట్టారు. నెలకి వేలల్లో ఖర్చు, కాదనను. కానీ ఈ వయసు పోతే మళ్లీ రాదు. స్కూల్లో మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే పాపని వేరుగా చూస్తారని మా భయం.

సర్కారు బడి టీచర్:
తమ్ముడూ, వయసు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. పరీక్ష ఒక్క నెల కూడా వాయిదా వేయకూడదు. నాకు అభ్యంతరం ఎక్కడంటే, సర్కారు దారి అంటే టీమ్ కోసం కూర్చోవడమే అనుకోవడం దగ్గర.

ఉప్పల్ అమ్మా, ఆ టీమ్ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లది. 2013లో మొదలైంది. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. ఒక్క పూటలో పిల్లలందరి బరువు, కళ్లు, పళ్లు, రక్తహీనత చూసుకుంటూ పోతారు. కొత్తవాళ్ల ముందు మీవాడు నోరే విప్పకపోతే "సిగ్గుపడుతున్నాడు" అని దాటవేస్తారు. నా క్లాసులోకి అలా దాటిపోయి వచ్చిన పిల్లలు ఉన్నారు. చదవడం మొదలుపెట్టాక అక్షరాల దగ్గర ఇబ్బంది పడుతుంటే అప్పుడు గానీ ఎవరికీ పట్టదు.

కాబట్టి టీమ్ కోసం ఆగొద్దు. తల్లిగా మీరే తీసుకెళ్లొచ్చు. కోఠిలో సర్కారు ఈఎన్‌టీ దవాఖాన ఉంది. నీలోఫర్‌లో ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే డీఈఐసీ అనే కేంద్రం ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అది కేంద్ర ప్రభుత్వానిది, మాట, వినికిడి కోసమే పెట్టింది. అక్కడే మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నీపిడ్ సంస్థలో 2021 నుంచి చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం కూడా నడుస్తోంది. ప్రైవేటు సెంటర్లలో పనిచేసే థెరపిస్టుల్లో చాలామంది ఇలాంటి చోట్ల చదివి వచ్చినవాళ్లే.

ఇక ముద్ర సంగతి. ఎసెస్‌మెంట్ వేరు, వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్ వేరు. ఎసెస్‌మెంట్ అంటే పిల్లాడికి ఏది వస్తోంది, ఏది రావడం లేదు, ఏం చేయాలి అని రాసిచ్చే రిపోర్టు. అది మీ చేతిలోనే ఉంటుంది. సర్టిఫికెట్ కావాలంటే మీరే విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, మెడికల్ బోర్డు చూడాలి, ప్రయోజనాలు చాలావరకు వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే. 'తుత్త' అన్నంత మాత్రాన ఎవరూ ఇంటికొచ్చి సర్టిఫికెట్ రాసిపెట్టరు.

బడిలో చేరాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, ఐఈఆర్పీలు అనే రిసోర్స్ పర్సన్లు ఉంటారు. ఉన్నమాట చెబుతున్నాను, అక్కడ స్పీచ్ థెరపీ మాత్రం చాలదు. థెరపిస్ట్ వారానికోసారి దొరికితే గొప్ప. పరీక్షకి సర్కారు సంస్థ, థెరపీ ఎక్కడ త్వరగా దొరికితే అక్కడ. నా మాట ఇదే.

కూకట్‌పల్లి నాన్న:
టీచర్ గారూ, అడ్రసులు చెప్పారు, థాంక్స్. కానీ ముద్ర విషయంలో ఒప్పుకోలేను. బడుల ఆన్‌లైన్ లెక్కల్లో 'ప్రత్యేక అవసరాలున్న పిల్లలు' అని ఒక గడి ఉంటుంది కదా, అది ముద్ర కాదా? దివ్యాంగుల హక్కుల కోసం 2016 చట్టం ఉందని మీరంటారు. ఆ చట్టం చదివి అడ్మిషన్ ఇచ్చే ప్రిన్సిపల్ ఎంతమంది?

సర్కారు బడి టీచర్:
గడి ఉన్నమాట నిజమే. సమగ్ర శిక్షలో అలాంటి పిల్లాడికి ఏడాదికి 3500 రూపాయల లెక్కన నిధులిస్తారు. లెక్కలో లేని పిల్లాడి కోసం థెరపిస్టునో రిసోర్స్ పర్సన్‌నో పంపమని నేను ఎవరినీ అడగలేను. ప్రైవేటైనా సరే, గుర్తింపు ఉన్న బడి వివక్ష చూపకుండా చేర్చుకోవాలని ఆ చట్టమే చెబుతోంది. అమలు బలహీనంగా ఉందని నాకూ కోపమే. దానికి మనం దాచుకుంటూ పోతే ఇంకా బలహీనమవుతుంది తప్ప బాగుపడదు. పిల్లాడు ఎందుకు బదులు చెప్పడం లేదో తెలియని టీచర్, వాడిని మొండివాడనే అనుకుంటుంది.

స్పీచ్ థెరపిస్ట్, మలక్‌పేట:
ఎక్కడికి వెళ్లాలనే దానికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి మేడమ్. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయొద్దు. జలుబు తగ్గకుండా ఉండే పిల్లల్లో చెవి పొర వెనక నీరు చేరి కొన్ని శబ్దాలు మసకగా వినపడతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుదురుగా కూర్చోకపోతే బెరా చేస్తారు. తలకి చిన్న వైర్లు అతికించి నిద్రలో ఉండగా చేసే పరీక్ష అది, నొప్పి ఉండదు. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకురమ్మంటారు. నిద్రమందు సిరప్ అవసరమైతే వాళ్లే ఇస్తారు.

తర్వాత మాట పరీక్ష. బొమ్మలు చూపించి పేర్లడుగుతారు, "బంతి తీసి డబ్బాలో వెయ్యి" అని సైగ లేకుండా చెప్పి చూస్తారు. 'ర' ఆలస్యంగా రావడం మామూలే. ఈ వయసులో 'క', 'గ' ఇంకా 'త', 'ద'లుగానే ఉంటే మాత్రం చూపించాల్సిందే. థెరపీతో బాగా సర్దుకునే రకం ఇది.

వస వద్దు. దానివల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు, మోతాదు ఎక్కువైతే వాంతులవుతాయి. అలాగే "తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడండి" అని ఎవరు చెప్పినా వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, మీకు ధారాళంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. ప్రైవేటుకి వెళ్తే థెరపిస్టుకి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఉన్నవాళ్లు అడిగితే నొచ్చుకోరు.

ఉప్పల్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. ముందు కోఠి వెళ్లి చెవులు చూపిస్తాం, ఆ రిపోర్టుతో మనోవికాస్ నగర్ వెళ్తాం. అంగన్‌వాడీ టీచర్ చేత కూడా ఏమైనా రాయించుకోవాలా?

సర్కారు బడి టీచర్:
తప్పనిసరి కాదు, కానీ రాయించుకోండి. తోటి పిల్లలతో ఎలా మాట్లాడతాడు, పాటలప్పుడు గొంతు కలుపుతాడా, వాడి మాట ఆవిడకి ఎంతవరకు అర్థమవుతుంది, ఈ నాలుగు ముక్కలు చాలు. ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు ఒక వీడియో కూడా తీసి పెట్టుకోండి. వీలైతే పొద్దున్నే వెళ్లండి, ఓపీ చీటీ దగ్గర లైను పెద్దగా ఉంటుంది.