‘మంచివాడే’ అని రాస్తే మెచ్చుకున్నట్టా?

నల్లకుంటలో మాది చిన్న ప్రెస్సు. రెండేళ్లు డీటీపీ చేసి మానేసిన అబ్బాయి వేరేచోట ఉద్యోగానికి క్యారెక్టర్ సర్టిఫికెట్ రాసివ్వమన్నాడు. తెలుగులోనే కావాలట. పని బాగా వచ్చు, పరాయి రూపాయి ముట్టుకోడు. కానీ చెప్పిన రోజుకి పని ఇచ్చిన పాపాన పోలేదు. పెళ్లయిన మర్నాడు శుభలేఖలు అందించిన ఘనత కూడా మాకుంది. ‘అబ్బాయి మంచివాడే, పని వచ్చు’ అని రాశాను. మా ఆవిడ చదివి, ‘ఇంతకంటే రాయకపోవడం నయం. ముందు ఆ ఏ తీసెయ్యండి’ అంది. ఆ ఒక్క అక్షరంలో అంత ఏముందండీ?

జవాబు: చాలా ఉందండి. ఏకారం అవధారణార్థకమని బళ్లో చెప్పారు. ‘రాముడే వచ్చాడు’ అంటే ఇంకొకరు కాదని. కానీ అదే ఏ గుణం పక్కన చేరితే ఒక్కోసారి ఒప్పుకుంటూనే వెనక్కి లాగుతుంది. ‘కూర బాగుంది’, ‘కూర బాగానే ఉంది’. రెండోది మా అత్తగారి దగ్గర ఒకసారి అన్నాను, ఇప్పటికీ గుర్తుచేస్తారు. ‘వాడు మంచివాడేనా?’ అని ఎవరైనా అడిగినప్పుడు ‘మంచివాడే’ అంటే నిండు మెప్పు. అక్కడ అనుమానం అడిగినవారిది, తీర్చేది మీ ఏకారం. సర్టిఫికెట్లో అడిగినవాళ్లు లేరు కాబట్టి అనుమానం కూడా మీదే అవుతుంది. ఆ తర్వాత రాయాల్సిన ‘కానీ’ని చదివేవాళ్లు సొంతంగా పూరించుకుంటారు. ఆలస్యం అని వాళ్లకేం తెలుసు, దొంగతనం అనుకోవచ్చుగా.

మరో జవాబు: దీన్నే వ్యాజస్తుతి అంటారు కదా?

మొదటి జవాబు రాసిన సభ్యురాలు: కాదేమోనండి. వ్యాజస్తుతిలో పొగడ్త ముసుగు, లోపల నింద. లేదా నింద ముసుగు, లోపల పొగడ్త. కవి కావాలని చేసే పని. ఈయన మొహమాటంలో పడ్డారు, అంతే.

ఇంకో జవాబు: అన్నా, మా దిక్కు సిఫారిష్ అంటం. ఫార్సీ మాట, ఉర్దూ మీదుగ వచ్చింది. సిఫారసు జేసెటోడు తన పలుకుబడి పెడ్తడు. పూచీ పడ్డోడు రేపు నష్టమొస్తే తనే కడ్తడు. (పైరవీ సంగతి ఈడ వద్దులే.) ఆ పిల్లగాడు నిన్ను ఈ రెండూ అడగలే. అడిగింది యోగ్యతాపత్రం. యోగ్యత అంటే ఏదో ఒకదానికి యోగ్యత. ఊకె యోగ్యుడని ఎట్ల రాస్తవ్? దేనికి యోగ్యుడో రాయి. ‘మంచోడు’ అన్న మాటే కొట్టెయ్, ఏకారం లొల్లి కూడ ఉండదు.

మొదట అడిగినవారు: కొట్టేశాను. ‘ప్రూఫులు శ్రద్ధగా చూస్తాడు. రోజూ నగదు అప్పగించాను, లెక్కలో తేడా రాలేదు. గడువు పనులకు వెంటపడి అడగవలసి వచ్చేది’ అని రాసి, ముందు అబ్బాయికే చూపించాను. కాసేపు మాట్లాడలేదు. ‘వెంటపడి’ బదులు ‘గుర్తుచేసి’ అనమన్నాడు, మార్చాను. దాని ముందు ‘అప్పుడప్పుడు’ చేర్చమన్నాడు, చేర్చలేదు. పోతూ పోతూ, ‘శ్రద్ధలో ద కింద ధ వత్తు పోయింది సార్’ అని కాగితం నా చేతికిచ్చాడు.