చల్లగాలి కొడుతుంటే మంచు గడ్డకట్టాలి కదా, కరుగుతుందేంటి?

మొన్న గోముఖ్ ట్రెక్‌కి వెళ్లొచ్చాను. గంగోత్రి హిమానీనదం మీద నుంచి ఎముకలు కొరికే గాలి, అయినా మంచు అంచు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గాలి పెరిగితే కరగడం కూడా పెరుగుతుందన్నాడు గైడు. మనం ఫ్యాన్ కింద కూర్చుంటే చల్లబడతాం కదా, మంచుకి రివర్సా? ఫార్ములాలు వద్దు, మామూలుగా చెప్పండి.

జవాబు 1
మా నాన్నది ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ పని. దిమ్మ మీద ఊక పోసి గోనెసంచులు కప్పేది ఎండకే అనుకుంటారు గానీ గాలికి కూడా. సంచి ఒక మూల లేచిందా, ముందు ఆ మూలే గుండ్రంగా అరిగిపోతుంది.

జవాబు 2
పైన చెప్పిందే అసలు సంగతి. మంచుని ఆనుకుని పల్చటి చల్లగాలి పొర ఒకటి ఉంటుంది, గాలి కొడితే అది చెదిరిపోయి పైనున్న వెచ్చటి గాలి వచ్చి తగులుతుంది. మీకు వణుకు పుట్టించిన గాలి 5 డిగ్రీలున్నా, సున్నా దగ్గరున్న మంచుకి అది వేడిగాలే.

ఇంకోటి తేమ. వైజాగ్‌లో మే నెలలో చెమట ఆరదు చూశారా, అలాంటి తేమగాలి మంచుని తాకితే అందులోని ఆవిరి నీరై, తన వేడంతా మంచుకి ఇచ్చేస్తుంది. ఒక గ్రాము ఆవిరికి 7 గ్రాముల పైనే మంచు కరుగుతుంది! పొడిగాలైతే కథ తిరగబడుతుంది, మంచు నీరవకుండా నేరుగా ఆవిరైపోతుంది. దానికి కరగడానికి పట్టేదానికంటే 8 రెట్ల వేడి కావాలి కాబట్టి మిగతా మంచు చల్లగా బతికిపోతుంది.

అడిగినవారు
ఓహో, మన ఫ్యాను చల్లబరిచేది ఎక్కువగా చెమట ఆరడం వల్లే అన్నమాట. మరి అంటార్కిటికా ఫోటోల్లో మంచు మీద అలల్లాంటి గట్లు ఉంటాయి, అవీ గాలి పనేనా?

జవాబు 3
అవును, వాటిని సాస్త్రుగీ అంటారు. ఆర్కే బీచ్‌లో పొడి ఇసుక మీద గాలి గీసే చారల్లాగే ఉంటాయి గానీ చెక్కినట్టు గట్టిగా, కొన్నిచోట్ల మోకాలెత్తు. అక్కడ మన దేశ పరిశోధన కేంద్రం మైత్రి ఉన్న వైపు గాలి కొత్త మంచుని ఊడ్చేసి కింది నీలం ఐస్‌ని బయటపెడుతుంది. తెల్లటి కొత్త మంచు ఎండలో 80 శాతం పైనే తిప్పికొడుతుంది, నీలం ఐస్ అంత తిప్పికొట్టలేదు, ఎక్కువ ఎండని పీల్చుకుంటుంది.

అడిగినవారు
గోముఖ్‌లో నాకు తెలుపే కనబడలేదండీ, అంతా రాళ్లూ మట్టే.

జవాబు 1
ఆ రాళ్లూ మట్టీ మందంగా ఉంటే ఊకలాగే మంచుని కాపాడతాయి. గాలి మోసుకొచ్చే మసీ దుమ్మూ పల్చగా పడితేనే చిక్కు, ఎండని లాగి కిందిదాన్ని కరిగిస్తుంది. నాన్న కూడా ఊక సగం సగం చల్లితే తిడతాడు.