సైకిల్ బాగానే సాగుతోంది, పరుగులో చతికిలబడుతున్నాను. పేసింగ్ (వేగాన్ని రేసంతటా సర్దుకోవడం) ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్లు (1.5 కి.మీ. ఈత, 40 సైకిల్, 10 పరుగు) రెండు పూర్తిచేశాను. రెండుసార్లూ అదే తంతు. సైకిల్ మీద చాలామందిని దాటి హుషారుగా దిగుతాను. పరుగు మొదటి కిలోమీటరు 4:50లో అయిపోతుంది. నాలుగో కిలోమీటరుకి తొడలు బిగుసుకుపోయి నడక మొదలు. విడిగా 10 కి.మీ. 52 నిమిషాల్లో పరిగెత్తే నాకు మొన్న 68 పట్టింది. ఇంకో ఎనిమిది వారాల్లో హాఫ్ దూరం (1.9, 90, 21.1) ఉంది. తలుచుకుంటేనే టెన్షన్. పరుగు ప్రాక్టీసు పెంచమంటారా? పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచే పరికరం) లేదు, గుండె వేగం చూపే వాచీ ఉంది.

జవాబు 1:
మీ పరుగుకి ఏ లోటూ లేదండి. ఆ 16 నిమిషాలూ సైకిల్ మీద చేసిన అప్పు. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థాల నుంచి వచ్చే ఇంధనం) కొంతే ఉంటుంది. ఎంత గట్టిగా తొక్కితే అంత త్వరగా కరుగుతుంది. ముఖ్యంగా ఎవరినో దాటాలని, ఎత్తు ఎక్కాలని లేచి తొక్కే ఆ ఒకటి రెండు నిమిషాలు చాలా ఖరీదైనవి.

90 కి.మీ.ని మూడు ముక్కలు చేసుకోండి. మొదటి 30లో "ఇంత తేలిగ్గా తొక్కితే ఎలా" అని మనసు పోరుపెట్టాలి. పెట్టనివ్వండి. అందరూ దాటిపోతుంటే ఊరుకోవడం కష్టమే, కానీ అక్కడ ఆగగలిగితేనే చివర్లో పరుగు మిగులుతుంది. రెండో ముక్కలో నిలకడ. మూడో దాంట్లో బాగుంటే కొద్దిగా పెంచండి.

నీళ్లలోంచి రాగానే గుండె వేగం ఎలాగూ ఎక్కువే ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు తేలిక గేరులో తొక్కి దాన్ని దిగనివ్వండి. గంటసేపు పూర్తిగా కష్టపడి తొక్కితే మీకొచ్చే సగటు గుండె వేగం ఉంటుంది కదా, దానికి 15-20 తక్కువలో ఉండండి. నేను పాటించే లెక్క ఇదే. ఒక వాక్యం ఆగకుండా చెప్పగలగాలి.

దిగుడులో తొక్కి సమయం సంపాదిద్దామనుకోకండి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం 10 శాతం పెరగాలంటే గాలి మీద పెట్టే శక్తి సుమారు 33 శాతం పెరగాలి. ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో కాస్త ఎక్కువ పెట్టి, దిగుడులో ఒళ్లు వంచి కాళ్లకి విశ్రాంతినివ్వండి.

జవాబు 2:
ఈత గురించి ఒక్క మాట. నా మొదటి రేసులో ముందు వరసలో నిలబడి 200 మీటర్లు ఉరికాను. ఊపిరి అందక, తల పైకెత్తి బ్రెస్ట్‌స్ట్రోక్ కొట్టుకుంటూ ఒడ్డుకి చేరాను. పక్కన నిలబడి, మొదటి నిమిషం ఊపిరి బయటికి వదలడం మీదే దృష్టి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పరుగు ఎంత వేగంతో మొదలుపెట్టాలి?

జవాబు 1:
మీకు కిలోమీటరుకి 6:00 నిమిషాలు సరిపోతుంది. మొదటి మూడు కిలోమీటర్లు 6:15. సైకిల్ వేగానికి అలవాటుపడ్డ కళ్లకి 5:00 కూడా నడకలాగే కనిపిస్తుంది, అందుకని వాచీ చూడక తప్పదు. ముందు బ్రిక్ (సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తే సాధన) చేసి చూడండి: 70 కి.మీ. తొక్కి, చివరి 30 రేసు కష్టంతో, దిగిన వెంటనే 6 కి.మీ. పరుగు. ఒకే వేగంలో గుండె పైపైకి పోతుంటే సైకిల్ ఎక్కువ తొక్కినట్టే.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తర్వాత):
చేశానండీ! సైకిల్ మీద సగటు గుండె వేగం 146, పరుగు కిలోమీటరుకి 5:58. మొదటి కిలోమీటరుకీ ఆరోదానికీ గుండె వేగంలో తేడా మూడే. దిగినప్పుడు తొడలు తేలిగ్గా ఉండటం ఇదే మొదటిసారి.

జవాబు 1:
చాలా సంతోషమండీ. ఆ 146 పట్టుకోండి. రేసు రోజు ఎండ ఎక్కువైతే అదే 146కి వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. వచ్చే బ్రిక్‌లో గంటకి 60 గ్రాముల కార్బ్స్ తీసుకుంటూ కడుపు ఎలా ఉందో రాయండి, దాన్నిబట్టి పెంచుదాం.