చోళ్ల బస్తాల లెక్క: 48.5 ఎందుకు తప్పు?

ప్రశ్న (పర్లాకిమిడి): సంతలో 8 చోళ్ల బస్తాల సగటు 46 కిలోలు, మరో 12 బస్తాల సగటు 51. మొత్తం 20 బస్తాల సగటెంత? రెండూ కలిపి సగం చేస్తే 48.5 వస్తోంది, పుస్తకంలో 49 ఉంది. పిల్లకి ఎలా చెప్పాలండీ?

జవాబు (గుణుపూర్): సగటుల్ని కలపకూడదండి, మొత్తాల్నే కలపాలి. 8×46 = 368, 12×51 = 612. కలిపితే 980, దాన్ని 20తో భాగిస్తే 49. రెండు గుంపుల్లో బస్తాలు సమానంగా ఉంటేనే 48.5 సరిపోయేది. ఇక్కడ బరువైనవే ఎక్కువ, అందుకే సగటు 51 వైపు జరిగింది.

జవాబు (కాశీనగర్): నోటి లెక్కకైతే: తేడా 5, ఇరవైలో పన్నెండంటే అయిదింట మూడొంతులు, 46కి 3 కలిపితే 49.

ప్రశ్న (పర్లాకిమిడి): ఇంకో బస్తా వేస్తే సగటు 48కి దిగింది. దాని బరువు 29 కదా?

జవాబు (గుణుపూర్): 28 అండి. 21×48 = 1008, అందులోంచి 980 తీసేయండి. మీరు 49లోంచి 20 తీసినట్టున్నారు. కొత్త బస్తాకీ ఒక కిలో తగ్గాలి, కాబట్టి 21 తీయాలి. పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే.