ఆడవాళ్లలో గౌట్: వేలి కణుపు వాస్తే అరుగుదలేనా?

ఫిజియో_తెనాలి:
నమస్తే అండీ. గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరి కీళ్లు వాచే జబ్బు) అనగానే చదువుకున్న బొమ్మ ఒకటే గుర్తొస్తుంది: నలభై దాటిన మగమనిషి, ముందురోజు బీరు, తెల్లవారుజామున కాలి బొటనవేలు నిప్పులా మండటం. ఇప్పుడు వ్యాయామాలకు వచ్చిన పేషెంటు 66 ఏళ్ల ఆవిడ, మందు అలవాటు లేదు. వేళ్ల చివరి కణుపుల దగ్గర అరుగుదల బుడిపెలు పాతవే. కుడి చూపుడువేలిది మాత్రం పది రోజులుగా ఎర్రగా వాచింది. గోటి మొదట్లో, చర్మం కింద సున్నపు చుక్కలాంటిది కనిపిస్తోంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతం పరీక్ష) నెగటివ్. నొప్పి ఉన్నప్పుడే తీసిన యూరిక్ యాసిడ్ 6.4, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.3. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 (నీళ్లమాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించేది) కలిసిన బిళ్ల. చీటీలో "అరుగుదల, వేడినీళ్ల కాపడం, వేళ్ల వ్యాయామం" అని ఉంది. గౌట్ అయ్యే అవకాశం ఉందా?

కీళ్లవైద్యం:
గట్టిగా అనుమానించాల్సిందే. ఆ సున్నపు చుక్క టోఫస్ లాగే ఉంది, అంటే యూరేట్ (యూరిక్ యాసిడ్ లవణం) పేరుకున్న ముద్ద.

ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను మూత్రంలోకి ధారాళంగా వదిలేస్తాయి. నెలసరి ఆగాక ఆ వెసులుబాటు పోయి, లెవెల్ మెల్లగా మగవాళ్ల దగ్గరకు వస్తుంది. డెసిలీటర్‌కి 6.8 మి.గ్రా. దాటితే ఒంటి వేడి దగ్గర అది కరిగి ఉండలేదు, స్ఫటికాలు కడుతుంది. నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకు గౌట్ రాదని హిప్పోక్రటీస్ పేరు మీదున్న సూత్రాల్లోనే ఉంది. ఆగాక వస్తుందనే సగాన్ని మాత్రం మనవాళ్లు మర్చిపోయారు.

వేలి చివరే ఎందుకంటే, అక్కడ చల్లగా ఉంటుంది, చల్లదనానికి యూరేట్ త్వరగా గడ్డకడుతుంది. పైగా అరిగిన మృదులాస్థి మీద స్ఫటికాలకు చోటు సులువుగా దొరుకుతుంది. అందుకే పెద్దవయసు ఆడవాళ్లలో చేతివేళ్లు, మణికట్టు, చీలమండ, ఒకేసారి రెండు మూడు కీళ్లు పట్టడం మగవాళ్లకంటే ఎక్కువ. బొటనవేలితోనే మొదలవడం తక్కువ. మగవాళ్లలో తాగుడు కారణంగా కనిపించే చోట వీళ్లలో బీపీ, కిడ్నీ జబ్బు, నీళ్లమాత్రలు కనిపిస్తాయి.

నెలసరి ఇంకా వస్తున్న వయసులో గౌట్ వస్తే అంతటితో వదలకూడదు. కిడ్నీ జబ్బు, వంశంలో చిన్నవయసులో కిడ్నీలు పాడైనవాళ్లు, సన్నబడటానికి రహస్యంగా వేసుకునే నీళ్లమాత్రలు, అన్నీ అడగాలి.

స్లైడు_మాస్టారు:
6.4 చూసి గౌట్ కాదనేయకండి. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు మూత్రంలో ఎక్కువ పోయి, రక్తంలో లెవెల్ తాత్కాలికంగా పడిపోతుంది. నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. దీనికి తిరగేసిన తప్పు కూడా రోజూ చూస్తున్నాం: ఏ లక్షణమూ లేని ఆవిడ రిపోర్టులో 6.3 పక్కన ఎర్ర గుర్తు పడగానే యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ రాసేయడం. కీలు నొప్పి, టోఫస్ లేనప్పుడు ఉత్త అంకెకు మందు అక్కర్లేదు.

తేల్చేది సూదే. బుడిపె నుంచి ఒక్క చుక్క వచ్చినా చాలు, అప్పటికప్పుడు స్లైడు మీద పెట్టి పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద చూడాలి. సూదుల్లా మెరిసే స్ఫటికాలు, కాంపెన్సేటర్ (మైక్రోస్కోపులో రంగులు తేల్చే ఫలక) అక్షానికి సమాంతరంగా ఉన్నప్పుడు పసుపు, అడ్డంగా తిరిగితే నీలం: అది యూరేట్. రంగులు తారుమారై, పొట్టి పలకల్లా ఉంటే కాల్షియం పైరోఫాస్ఫేట్, అంటే సూడోగౌట్ (గౌట్‌లా కనిపించే వేరే స్ఫటికాల జబ్బు). పెద్దవాళ్లలో మోకాలు, మణికట్టు వాస్తే దీన్నీ తలుచుకోవాలి. ముక్క కోసి పంపేటట్టయితే ఫార్మలిన్‌లో వేయొద్దు, యూరేట్ కరిగిపోయి రిపోర్టు ఖాళీగా వస్తుంది. ఆల్కహాల్‌లో పంపాలి.

కీళ్లవైద్యం:
మందుల దగ్గర అసలు చిక్కు క్రియాటినిన్. 66 ఏళ్ల మగవాడికి 1.3 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 60 చుట్టూ. అదే అంకెకు ఈవిడది 45 దగ్గర. కాబట్టి డైక్లోఫెనాక్ లాంటి నొప్పిబిళ్లలు వద్దు. సార్టాన్ (ఈవిడ వేసుకునే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు), నీళ్లమాత్ర, నొప్పిబిళ్ల మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది. ఇప్పటి నొప్పికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 30 మి.గ్రా. ఐదు రోజులు సరిపోతుంది, షుగర్ ఒకసారి చూసుకుని.

హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. బీపీ డాక్టరుతో మాట్లాడి లోసార్టాన్‌కి మారిస్తే మేలు. యూరిక్ యాసిడ్‌ను కాస్త బయటకు పంపే గుణం దానికుంది, టెల్మిసార్టాన్‌కి అంతగా లేదు. పొటాషియం మాత్రం చూస్తుండాలి. సొంతంగా ఆపమని చెప్పొద్దు.

గౌట్ అని తేలితే యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ 100 బిళ్లలో సగంతో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి టెస్ట్ చేసి 50 చొప్పున పెంచాలి. గురి 6 లోపు, టోఫస్ కరిగేదాకా 5 లోపు. 100 దగ్గరే ఆపేసి "మందు పనిచేయలేదు" అనడం మామూలు పొరపాటు. పాత స్ఫటికాలు కదిలి మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. అందుకే ఆ నొప్పి రాకుండా కోల్చిసిన్ 0.5 రోజుకొకటి, మూడు నుంచి ఆరు నెలలు. అది వాడుతుండగా దగ్గుకని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎవరూ ఇవ్వకుండా చూడండి. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే అల్లోప్యూరినాల్ ఆ పూటే ఆపి డాక్టరు దగ్గరికి.

కాకినాడ_వంటిల్లు:
పప్పు, పాలకూర మానేయాలి కదండీ?

కీళ్లవైద్యం:
అక్కర్లేదండీ. కూరగాయల్లో, పప్పుల్లో ఉన్న ప్యూరిన్లతో (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) గౌట్ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. కార్జం, తలకాయ, నెత్తళ్లు, రొయ్యలు తగ్గించండి, కూల్‌డ్రింకులు మానండి. వెన్న తీసిన పెరుగు మంచిదే. ఎంత పథ్యం చేసినా తగ్గేది మహా అయితే 1 పాయింటు, టోఫస్ ఉన్నవాళ్లకు అది చాలదు.

ఫిజియో_తెనాలి:
అయితే కాపడం, వ్యాయామం ఆపేస్తాను. ఆ చుక్క పగిలితే?

స్లైడు_మాస్టారు:
ఇప్పటికి వేలికి విశ్రాంతి. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. వాపు దిగాకే వేళ్లు ఆడించాలి. పగిలితే సున్నపు ముద్దలా వస్తుంది. చీము అనుకుని పిండొద్దు, శుభ్రంగా కడిగి పొడి కట్టు కట్టండి. ఎరుపు అరచేతి వైపు పాకినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పంపండి. బయటకొచ్చిన ఆ ముద్ద పారేయకండి, స్లైడుకు అంతకంటే మంచి నమూనా దొరకదు.