చివరి రోజుల మనిషి పక్కన కూర్చోవడం ఎవరు నేర్పుతారు?

కవిటి ఫీల్డ్ వర్కర్:
ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) అయి రెండేళ్లు. కవిటి, కంచిలి వైపు కిడ్నీ జబ్బున్న ఇళ్లకు తిరుగుతాను. పింఛను కాగితాలు, పిల్లల హాస్టలు సీట్లు, ఇవి చెయ్యగలను. మొన్న ఒక జీడితోట రైతు, నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి సోంపేట వెళ్లే మనిషి, భార్య నీళ్లకెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఓలమ్మా, ఇంక నానెల్లను. ఈ సూదులు సాలు. ఎన్నాల్లుంతానో సెప్పు" అన్నాడు. "అలా అనకు బాబాయ్, తగ్గిపోద్ది" అనేశాను. తగ్గదని ఇద్దరికీ తెలుసు. చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. కేస్‌వర్క్, అంటే ఒక్కో మనిషికి విడిగా సాయపడే పద్ధతి, చదివాను గానీ ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. అసలిది మన పనేనా?

విజయనగరం నర్సు:
చెల్లీ, ముమ్మాటికీ మన పనే. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సు, ఆసుపత్రి సోషల్ వర్కరు కూడా. ఒంటి నొప్పితో పాటు ఇంటి బెంగ, డబ్బు బెంగ, మనసు బాధ అన్నీ కలిసే నొప్పి అని చెప్పింది ఆవిడే.
మళ్లీ వెళ్లు. "ఆరోజు నువ్వడిగింది సరిగ్గా వినలేదు బాబాయ్" అను. ఎన్నాళ్లన్నది డాక్టరు చెప్పాలి. ఎందుకడుగుతున్నాడో నువ్వడుగు, అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడమే కష్టం, నాకు చాలా ఏళ్లు పట్టింది. డయాలసిస్ పూర్తిగా ఆపితే సాధారణంగా ఒకటి రెండు వారాలే. అందుకని ఆ మాట డాక్టరు ముందు, ఆయన భార్య కూడా ఉండగా తేలాలి. ఆపినా ఆయాసానికి, వికారానికి, దురదకి మందులుంటాయని ఆవిడకు చెప్పు. లేకపోతే మొగుణ్ణి చేతులారా వదిలేశానని జీవితాంతం కుమిలిపోతుంది.

టెక్కలి:
శిక్షణకైతే తిరువనంతపురంలో పాలియం ఇండియా అనే సంస్థ ఉంది, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ వాళ్ల పని. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ 2003లో మొదలుపెట్టారు. సోషల్ వర్కర్లకూ నేర్పుతారు, ఆన్‌లైన్‌లో కూడా. మన భాషలో చూసి నేర్చుకోవాలంటే హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, అడిగి చూడండి.

కవిటి ఫీల్డ్ వర్కర్:
అక్కా, నిన్న వెళ్లాను. నువ్వన్నట్టే అడిగి ఊరుకున్నాను. చాలాసేపటికి నోరు విప్పాడు. తోట పాసుపుస్తకం ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉందట. తను పోతే భార్య ఆఫీసుల చుట్టూ తిరగలేదని బెంగ. సోమవారం పాత కాగితాలు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్తున్నాను. బుధవారం ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.